లాయర్ రాని రోజు అప్పీలు తేల్చేయొచ్చా?

శివారు ప్లాటు:
హైదరాబాద్ శివార్లో 200 గజాలు కొన్నాను. ఈసీ (ఆ ఆస్తి మీద ముందు జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కూడా తీశాను. అందులో ఏమీ రాలేదు. తర్వాత తెలిసింది, నాకు అమ్మినవాడు అదే స్థలాన్ని వేరే ప్లాటు నంబరుతో అంతకుముందే ఇంకొకరికి అమ్మేశాడని. చీటింగ్ కేసులో మేజిస్ట్రేటు కోర్టు మూడేళ్లు శిక్ష వేసింది. సెషన్స్ కోర్టులో అప్పీలు వేసి, శిక్ష ఆపించుకుని బయట తిరుగుతున్నాడు. వరసగా రెండు వాయిదాలు అతని లాయర్ రాలేదు. అయినా జడ్జి గారు ఇంకో తేదీ ఇచ్చారు. ఫైలంతా ముందే ఉంది కదా, చదివి తీర్పు చెప్పొచ్చు కదా? అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు పోయింది నాకు. న్యాయమైన విచారణ హక్కు అతనొక్కడికేనా?

జిల్లా కోర్టు వకీలు:
తేల్చే అధికారం ఉందండి. 1996లో బానీ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి ఈ సంగతే చెప్పింది. లాయర్ రాలేదన్న ఒక్క కారణంతో క్రిమినల్ అప్పీలు కొట్టేయకూడదు. అలాగని వాయిదా వేసి తీరాలనీ లేదు. రికార్డు, కింది కోర్టు తీర్పు చదివి తేల్చవచ్చు. 2011లో సుకుర్ అలీ కేసులో మాత్రం, లాయర్ లేకుండా ముద్దాయికి వ్యతిరేకంగా తీర్పు ఇవ్వకూడదు, కోర్టే ఒకరిని అమికస్‌గా (అతని తరఫున కోర్టుకు సాయపడే లాయర్‌గా) పెట్టాలి అన్నారు. 2013లో పాండురంగ కేసులో మళ్లీ బానీ సింగ్ మాటనే నిలబెట్టారు.

అయినా ఆ అధికారం వాడకూడదనే నేనంటాను, ముఖ్యంగా భూమి కేసుల్లో. వేరేవాళ్ల భూమిని తనదేనని చెప్పి, తన పేరుతోనే సంతకం చేసి అమ్మినవాడు కొన్నవాణ్ని మోసం చేసినట్టు కావచ్చు గానీ దొంగ దస్తావేజు సృష్టించినట్టు కాదని 2009లో మహమ్మద్ ఇబ్రహీం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాత ఐపీసీ కింద పెట్టిన కేసుల చార్జిషీట్లలో మాత్రం 420 (మోసం) పక్కనే 467 (విలువైన దస్తావేజు ఫోర్జరీ), 471 (దొంగ పత్రాన్ని అసలుదిగా వాడటం) తగిలించడం చూస్తూనే ఉన్నాం. ఆ 467కి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. ఆ సెక్షన్ నిలబడదని చెప్పే గొంతు ఆ రోజు కోర్టు హాల్లో లేకపోతే ఎంత మంచి జడ్జికైనా తట్టకపోవచ్చు.

సాక్షి సంతకం:
ఫైలు ముందే ఉంది అన్నారు కదా అన్నా, మా నాన్న విషయంలోనూ ఫైలు ముందే ఉంది. అగ్రిమెంటు మీద సాక్షిగా సంతకం పెట్టినందుకు ఆయన్ని మూడో ముద్దాయిని చేశారు. అప్పీలు రోజు మా లాయర్ రాలేదు. శిక్ష ఖాయం చేసేశారు, నాన్న జైలుకి వెళ్లారు. హైకోర్టు మళ్లీ వినమని వెనక్కి పంపింది. రెండోసారి కొత్త లాయర్ ఒక్క పేజీ తీసి చదివారు. నాన్నకి ఒక్క రూపాయీ ముట్టలేదని కొన్నాయనే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నారు. ఆ మాట మొదటి నుంచీ రికార్డులోనే ఉంది. మొదటి తీర్పులో దాని ఊసే లేదు.

శివారు ప్లాటు:
చదువుతుంటే బాధేసిందమ్మా. మీ నాన్నగారికి జరిగింది తప్పే. కానీ మావాడు కావాలనే చేస్తున్నాడు. ఈ లాయర్ కాకపోతే ఇంకో లాయర్, ఇంకో వకాలత్. దానికి అంతు ఉండదా?

జిల్లా కోర్టు వకీలు:
ఉండాలి. అందుకే నేనడిగేది వాయిదా కాదు, అమికస్. ఒకసారి రాకపోతే హెచ్చరిక. రెండోసారి రాకపోతే న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్‌ని పెట్టి, ఫైలు చదువుకోవడానికి సరిపడా రోజులిచ్చి, ఆ తేదీన వినేయాలి. అతనికి గొంతు ఉంటుంది, మీకు తీర్పు వస్తుంది. హడావుడిగా తేల్చితే హైకోర్టు వెనక్కి పంపుతుంది, అప్పుడు నష్టపోయేది మీరే.

మీరూ ఊరికే కూర్చోకండి. బాధితుడికి కేసులో ప్రతి దశలోనూ తన మాట వినిపించుకునే హక్కు ఉందని 2022లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పీపీ (ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారిని కలిసి, అమికస్‌ని పెట్టమని ఆయన్నే అడగమనండి. కోర్టు అనుమతితో మీ లాయర్ చేత రాతపూర్వక వాదన వేయించండి.

శివారు ప్లాటు:
సోమవారం పీపీ గారి దగ్గరికి వెళ్తాను. వాదనలో ప్లాటు నంబరు మార్చిన సంగతి ముందు రాయించాలా, డబ్బు ఇచ్చిన తేదీలా?

జిల్లా కోర్టు వకీలు:
తేదీలు. మీ దగ్గర బయానా పుచ్చుకున్న రోజుకే ఆ స్థలం తనది కాదని అతనికి తెలుసని చూపించేది అవే. మొదటి అమ్మకం దస్తావేజు సర్టిఫైడ్ కాపీ దానికి జత చేయించండి.