అప్‌డేట్: యూదు సహోద్యోగి తరఫున సాక్ష్యం చెప్పాను

గుర్తులేనివాళ్ళకి: న్యూజెర్సీలో మా టీంలో ఒక యూదు అమ్మాయి ఉంది. మీటింగుల్లో "బ్యాంకులన్నీ మీవాళ్ళవే కదా" లాంటి జోకులు, యూదులకి అతి పవిత్రమైన యోమ్ కిప్పూర్ పండగకి సెలవు అడిగితే వెటకారాలు. వీసా మీద ఉన్న నేను సాక్షిగా నిలబడితే నా ఉద్యోగానికి ఎసరొస్తుందా అని అడిగాను.

నిలబడ్డాను. ఆమె హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది, నేను విన్నవి తేదీలతో సహా మెయిల్ పెట్టాను. 1964 పౌర హక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం ఫిర్యాదు చేసినవాళ్ళనే కాదు, సాక్ష్యం చెప్పినవాళ్ళనీ కక్షసాధింపు నుంచి కాపాడుతుందని ఆమె లాయర్ చెప్పాకే నా టెన్షన్ తగ్గింది. ఏ వీసా అయినా అంతే. ఇంకోటి, ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి వెళ్ళాలంటే ఇక్కడ ఘటన జరిగిన నాటి నుంచి 300 రోజులే గడువు. హెచ్‌ఆర్ విచారణ నడుస్తోంది కదా అని అది ఆగదు.

సెలవు సంగతి తొందరగానే తేలింది. మతపరమైన వెసులుబాటు కాదనాలంటే వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని కంపెనీయే చూపించాలని 2023లో గ్రాఫ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్కరోజు సెలవుకి అంత భారమేముంటుంది?

జోకులు వేసినాయన వేరే టీంకి వెళ్ళాడు. అది శిక్షో, మామూలు బదిలీయో హెచ్‌ఆర్ చెప్పలేదు. నాకైతే నచ్చలేదు. ఆమె మాత్రం యూదు ఉద్యోగుల గ్రూపు మొదలుపెట్టింది, కొత్త మేనేజర్ల ట్రైనింగులో యూదు వ్యతిరేకత మీద సెషన్ తనే తీసుకుంటోంది. ఇంతకుముందు ఆ ట్రైనింగులో ఈ ఊసే లేదు. "వాళ్ళ గొడవ మనకెందుకు" అనే మనవాళ్ళతో నా వాదన ఇంకా నడుస్తూనే ఉంది.