పెరట్లోని వేపచెట్టు మీద తిప్పతీగను పాకనివ్వవచ్చా?

కనిగిరి పెరడు:
మా ఇంటి వెనుక మా నాన్నగారు నాటిన వేపచెట్టు ఉన్నది. దాని వయస్సు నలభై ఏళ్లకు పైమాటే. కొన్నేళ్ల కిందట కంచె పక్కన తనంతట తానే మొలిచిన తిప్పతీగ ఆ చెట్టును చుట్టుకొని ఇప్పుడు పై కొమ్మల దాకా పాకింది. 2021 వానాకాలం తరువాత తెలుగు జిల్లాల్లో అనేక వేపచెట్లకు కొమ్మల చివళ్లు మాడి ఎండిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా చెట్టు కూడా అప్పుడు సగానికి పైగా ఎండి, మరుసటి ఏడు మళ్లీ చిగిర్చింది. వేప మీద పాకిన తిప్పతీగకే గుణం ఎక్కువనీ, దాన్ని కదిలించవద్దనీ మా పెద్దమ్మ అంటున్నది. ఆ తీగ చెట్టు రసం తాగి బతుకుతుందనీ, వెంటనే కొట్టివేయమనీ పొరుగువారు అంటున్నారు. బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ పెరడే ఇప్పుడు లోకం. మంచినీళ్లకే కరువు పడే మా ఊళ్లో నీళ్లు పోయకుండా పచ్చగా పెరిగే మొక్కను పోగొట్టుకోవాలని లేదు, నాన్నగారి చెట్టును పోగొట్టుకోవాలని అంతకంటే లేదు. తీగ పెరట్లో ఉండాలి కాని వేప మీద ఉండకూడదన్నది నాకు తోస్తున్న మాట. అది సరైనదో కాదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వెలిగొండ అంచు (ఉదయగిరి వైపు):
మాస్టారు గారూ, మీ పొరుగువారి మాట పొరపాటు. చెట్టు రసం తాగేది బదనిక. అది కొమ్మలోకే వేరు దింపి, చెట్టు తెచ్చుకున్న నీటిని తాను తీసుకుంటుంది. తిప్పతీగ వేరు నేలలోనే ఉంటుంది. దానికి చెట్టుతో ఉన్న సంబంధం ఊతకర్రతో మనకున్న సంబంధం లాంటిదే. 2021లో వేపలు ఎండడానికి ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ కారణమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. తీగ జాడ కూడా లేని రోడ్డు పక్క చెట్లు సైతం అప్పుడు మాడిపోయాయి కదా! మా వైపు కొండ కింద పొలాల గట్ల మీద వేపకూ తుమ్మకూ నేరేడుకూ ఈ తీగ పాకి ఉండగా నేను చిన్ననాటి నుంచి చూస్తున్నాను, దాని వలన చచ్చిన చెట్టును ఒక్కదానినీ చూడలేదు. పైగా వేసవిలో అది ఆకు రాల్చి మోడువారి ఉంటుంది కాబట్టి, చెట్టుకు గాలీ వెలుతురూ అందవన్న భయం ఏడాదంతా ఉండేది కాదు.

మీ పెద్దమ్మ గారి మాటను కూడా తేలికగా తీసివేయవద్దు. వేప మీది తిప్పతీగ శ్రేష్ఠమని మా తాతగారు చెప్పగా విన్నాను. జ్వరం వచ్చినప్పుడు ఆయన వెతికి వెతికి వేప మీది తీగనే జానెడు కోసుకొని వచ్చేవారు. ఉన్నదానిని ఉండనివ్వడమే న్యాయమని నా అభిప్రాయం.

కావలి ఇసుకనేల:
బదనిక గురించి పైన చెప్పినది నిజమే, కాని రసం తాగకపోయినంత మాత్రాన హాని లేదని చెప్పలేము. మా పెరట్లో నేను తెలియక తిప్పతీగను మునగచెట్టు మీదికి పాకించాను. రెండేళ్లలో అది పై కొమ్మలను గొడుగులా కప్పివేసింది. మునగ కొమ్మ పెళుసు. ఒక తుపాను రాత్రి తడిసిన ఆకుల బరువుకూ గాలికీ చెట్టు నడిమికి చీలిపోయింది. వేప గట్టిది, నిజమే. అయినా ఇప్పటికే ఒకసారి మాడి కోలుకుంటున్న చెట్టుకు, అందులోనూ వానాకాలంలోనే చివళ్లకు తెగులు సోకే చెట్టుకు, సరిగ్గా ఆ వానాకాలంలోనే దట్టమైన ఆకు కప్పుకొని తడి ఆరనివ్వని తీగ మేలు చేస్తుందని నేను అనుకోను.

ఇక గుణం సంగతి. తీగకూ చెట్టుకూ మధ్య రసం ప్రవహించే దారి ఏదీ లేదని మీరే చెప్పారు. అలాంటప్పుడు వేప చేదు తిప్పతీగలోకి ఎలా వస్తుంది? మునగ మీద పాకిన మా తీగ కూడా నోట పెట్టుకోలేనంత చేదుగానే ఉండేది. ఆ చేదు తీగ సొంతం.

మాస్టారు గారు కొత్త తీగ పెట్టుకోవాలనుకుంటే చాలా సులువు. చూపుడువేలు మందం ఉన్న ముదురు కాడను రెండు మూడు కణుపులు వచ్చేలా కోసి, నీరు నిలవని మట్టిలో సగం వరకు పూడ్చి, చిగురు వచ్చేదాకా నీడన ఉంచితే సరిపోతుంది. పైవైపు కిందికి పోకుండా చూసుకోవాలి. మన జిల్లాలకు అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి కాబట్టి, అవి మొదలయ్యే ఆశ్వయుజంలో నాటితే ఆ వానలకే నిలదొక్కుకుంటుంది. మనిషి ఎత్తులో తీగె పందిరి కట్టి దాని మీదికి పాకిస్తే నిచ్చెన లేకుండానే కోసుకోవచ్చు. ఇందులో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఎర్రని పండ్లు కాసేది ఆడ తీగ. మీ కంచె పక్కన మొలిచినది బహుశా పిట్ట తెచ్చిన విత్తనమై ఉంటుంది.

ఒంగోలు మందుల అంగడి:
తీగ ఎక్కడ పాకాలన్న వాదనలో దాన్ని ఎవరు తాగాలన్నది మరుగున పడకూడదని ఇది రాస్తున్నాను. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ కషాయం రోజూ తాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు ప్రకటించారు. దానికి తిప్పతీగను కారణంగా చూపడం సరికాదని ఆయుష్ మంత్రిత్వ శాఖ అప్పుడే ఖండించింది. తరువాత 2022లో దేశంలోని 13 వైద్య కేంద్రాల నుంచి అలాంటివారే 43 మంది వివరాలు వెలువడ్డాయి. ఆ శాఖ కూడా అదే ఏడు, అసలు తిప్పతీగకు బదులు దాని జాతిదే అయిన టినోస్పోరా క్రిస్పాను వాడవద్దని హెచ్చరించింది. అసలు తిప్పతీగ కాడ పచ్చగా ఉంటుంది, కోస్తే పాలు రావు. రెండవదాని కాడ నిండా బుడిపెలు ఉంటాయి, కోస్తే పాల వంటి రసం వస్తుంది. ముదిరిన తిప్పతీగ బెరడు మీద కనిపించే చిన్న చుక్కలను చూసి బుడిపెలని భ్రమపడవద్దు.

చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకునేవారు దీన్ని తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉన్నది. కీళ్లవాతం, సోరియాసిస్ వంటి వ్యాధులలో శరీర రక్షణ శక్తే శరీరం మీద తిరగబడుతుంది కాబట్టి, దాన్ని రెచ్చగొట్టే మందు అలాంటివారికి మంచిది కాదు. పెరట్లో దొరుకుతున్నదని నెలల తరబడి తాగేవారు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. వారిని చూసినప్పుడల్లా నాకు దిగులు కలుగుతుంది.

వెలిగొండ అంచు:
మా తాతగారు కూడా జ్వరానికి మూడు రోజులు ఇచ్చి ఆపేసేవారు. ఏడాది పొడుగునా తాగమని ఆయన ఎవరికీ చెప్పలేదు కాబట్టి, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. వేప మీది తీగకు ప్రత్యేక గుణం లేదన్నది మాత్రం ఒప్పుకోలేను. ఒకే మొక్క రెండు నేలల్లో రెండు విధాలుగా పండుతుంది. వేప ఆకులు రాలి కుళ్లిన మట్టిలో, ఆ నీడలో పెరిగిన తీగ వేరుగా ఉండకూడదని ఏమున్నది? అయితే కోలుకుంటున్న చెట్టు మీది బరువు తగ్గించాలన్న కావలి వారి మాటకు నా అభ్యంతరం లేదు.

కనిగిరి పెరడు (ఎనిమిది నెలల తరువాత):
అందరికీ జరిగినది చెప్పవలసిన బాధ్యత నాకున్నది. ఉగాది వెళ్లిన వారంలో తీగను మొదట్లో నరికించి, పై భాగం ఎండి తానే రాలిపోతుందని ఊరుకున్నాను. అది ఎండలేదు. తొలకరి పడగానే, వేరు తెగి గాలిలో ఉన్న ఆ తీగ ఆకులు తొడిగింది. పై కొమ్మల నుంచి దారాల వంటి ఊడలు పదుల కొద్దీ కిందికి దిగడం మొదలుపెట్టాయి. శ్రావణం నాటికి వాటిలో ఒకటి నేలను తాకి వేరూనుకొని బలిసింది. సంస్కృతంలో దీనిని ఛిన్నరుహ, అంటే కోసినా మొలిచేది అని పిలుస్తారని చదివి ఉన్నాను గాని, దాని అర్థం నాకు అప్పుడు కంటికి కనిపించింది. చివరికి మనిషిని చెట్టెక్కించి, కొమ్మలకు దెబ్బ తగలకుండా తీగ మొత్తాన్ని విప్పి దింపించవలసి వచ్చింది. వేపచెట్టు ఈ ఏడు చివళ్లు మాడకుండా నిలిచింది. అది తీగ తీసినందువల్లనో, తెగులే తగ్గినందువల్లనో నేను తేల్చి చెప్పను.

దింపిన కాడల్లో పాలు లేనివీ బుడిపెలు లేనివీ చూసి నాలుగు ముక్కలు ఏరి, గోడ వారన వేసిన పందిరి కింద నాటాను. మా పెద్దమ్మ మాత్రం వేప నీడ పడేచోట ఒక ముక్క పెట్టమన్నది. పెట్టాను. మిగిలిన ముక్కలు చెత్తకుప్పలో పడవేస్తే పది రోజులకే అక్కడా చిగిర్చాయి. కాబట్టి తీగను తీసివేసేవారు ముక్కలను నేల మీద వదలకుండా, రాతిబండ మీద పూర్తిగా ఎండేదాకా ఉంచాలని మనవి.