‘అభియోగం మోపారు’ అంటే దోషి అని తేలినట్టా?

ప్రశ్న

పత్రిక డెస్కులో పని నాది. అమెరికా ఫెడరల్ కోర్టు వార్త వచ్చిందంటే టెన్షన్. ‘ఇండైట్‌మెంట్’ అన్న ఇంగ్లిష్ మాటను తెలుగు చేయాల్సిన చోట చెయ్యి ఆగిపోతుంది. నిన్న రాత్రి ఒక వార్తకు ‘దోషిగా తేల్చిన గ్రాండ్ జ్యూరీ’ అని హెడ్డింగ్ పెట్టాను. పేజీ వెళ్లడానికి పది నిమిషాల ముందు మా సీనియర్ చూసి, ‘ఛార్జిషీటు దాఖలు’ అని మార్చారు. ఇంటికెళ్లాక రెండూ తప్పేనేమో అని అనుమానం పట్టుకుంది. ‘అభియోగం మోపారు’ అంటే సరిపోతుందా?

జవాబు 1

దోషి అనడం పూర్తిగా తప్పు బాబూ. నేను జిల్లా కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మన దగ్గర దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసేది ఛార్జిషీటు. దాన్ని చూసి, నిందితుడి మీద ఫలానా సెక్షన్ల కింద విచారణ జరగాలని జడ్జి నిర్ణయించడం అభియోగాల నమోదు. ఈ రెంటికీ మధ్య నెలలు పట్టొచ్చు, ఏళ్లు కూడా పట్టొచ్చు. మీ ఇండైట్‌మెంట్ ఈ రెంటిలో ఏదో ముందు తేల్చుకోండి.

ఇక ‘మోపడం’ నాకు నచ్చదు. గడ్డిమోపు, కట్టెలమోపు అంటాం. ఎత్తి ఇంకొకరి నెత్తిన పెట్టేది మోపు. అందుకే ‘నా మీద నేరం మోపారు’ అని ఎవరైనా అంటే, ‘పాపం, చెయ్యని నేరమేమో’ అనిపిస్తుంది వినేవాడికి. వార్తలో ఆ జాలి అక్కర్లేదు.

జవాబు 2

కొంచెం పక్కదారి, క్షమించాలి. ‘ముద్దాయి’ సంగతి ఎవరైనా గమనించారా? ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అని సామెత: ఫిర్యాదీ నీరసంగా ఉన్నాడు, సాక్షి మాత్రం మహా హుషారు. అదే మాట మన కోర్టు మెట్లెక్కేసరికి తలకిందులై, బోనులో నిలబడ్డవాడికి పేరైంది. పాతబస్తీలో పెరిగిన నాకు తెలుగు పేపరు చదివినప్పుడల్లా మొదటి క్షణం కేసు పెట్టినవాణ్నే అరెస్టు చేశారేమో అనిపిస్తుంది.

జవాబు 3

నేను అమెరికా కోర్టుల్లో తెలుగు దుబాసీని. (ఒకరి మాటను ఇంకో భాషలో చెప్పే మనిషి. దుబాసీ అనే మాట బతికే ఉందండీ, నేనే సాక్ష్యం.) ఫెడరల్ కోర్టు దుబాసీలకు సర్టిఫికేషన్ పరీక్ష ప్రస్తుతం స్పానిష్‌కే ఉంది. తెలుగుకి లేదు. కాబట్టి ఏ మాటకు ఏ మాట వాడాలో మా తిప్పలు మేమే పడాలి.

క్లర్కు గారు అడిగినదానికి జవాబు: రెండూ కాదు. ఎఫ్‌బీఐ వాళ్లు దర్యాప్తు చేసినా ఆ కాగితం వాళ్లు వేయలేరు. ఏడాదికి మించి జైలు పడే ఫెడరల్ నేరమైతే, నిందితుడు వద్దనుకుంటే తప్ప, గ్రాండ్ జ్యూరీ దాకా వెళ్లాల్సిందే. రాజ్యాంగ ఐదో సవరణలోనే ఉంది ఇది, 1791 నుంచి. 16 నుంచి 23 మంది మామూలు జనం కూర్చుంటారు. అక్కడ జడ్జి ఉండడు, నిందితుడి లాయరూ ఉండడు. ప్రభుత్వ లాయరు సాక్షులను తెచ్చి వినిపిస్తాడు. అంతా రహస్యం. కనీసం 12 మంది ‘కేసు నడపడానికి సరిపడా ఆధారం ఉంది’ అంటే బయటికొచ్చే కాగితం ఇండైట్‌మెంట్. ఒక పక్షం మాటే విని చెప్పిన మాట కాబట్టి ‘దోషిగా తేల్చారు’ అనకూడదు.

అరెస్టు ముందే జరిగి ఉంటే, మేజిస్ట్రేట్ జడ్జి ముందు హాజరుపరుస్తారు, బెయిలు సంగతి మాట్లాడతారు. అరెస్టైన 30 రోజుల్లో ఇండైట్‌మెంట్ రావాలి. ఆ తర్వాత అరెయిన్‌మెంట్. అభియోగం చదివి వినిపించి ‘ఏమంటావు?’ అని అడగడం. నాకు చెమటలు పట్టేది ఇక్కడే. ‘నాట్ గిల్టీ’ని ‘నేను ఆ నేరం చెయ్యలేదు’ అని అనువదిస్తే అర్థం మారిపోతుంది. అది ప్రమాణం కాదు, ‘నిరూపించుకోండి’ అనడం. ‘నేరం ఒప్పుకోవడం లేదు’ అంటాను నేను.

తప్పు ఒప్పుకుంటే ఆ రోజు ఇంకా పెద్ద పని. జడ్జి ఒక్కొక్కటే అడుగుతాడు: ఏమైనా మందులు వేసుకున్నావా? ఎవరైనా బెదిరించారా? ఏదైనా ఆశ చూపారా? జ్యూరీ విచారణ హక్కు వదులుకుంటున్నావని తెలుసా? ఒకసారి ఒకాయన ప్రతిదానికీ ‘మీ దయ సార్’ అన్నాడు. నేను దాన్ని అలాగే ఇంగ్లిష్‌లోకి చెప్పాను. సర్దిచెప్పే అధికారం నాకు లేదు. జడ్జి పెన్ను కింద పెట్టి, ‘దయ కాదు, అవునో కాదో చెప్పమనండి’ అన్నాడు.

మనవాళ్లకు గుర్తుండే ఉదాహరణ ఫార్మింగ్టన్. 2019 జనవరిలో మిషిగన్‌లో, వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే నడిపిన నకిలీ యూనివర్సిటీ బయటపడింది. చేరిన పిల్లల్లో తెలుగువాళ్లు చాలామంది. వాళ్లను పట్టుకున్నది వలస చట్టం కింద, అది సివిల్ వ్యవహారం. గ్రాండ్ జ్యూరీ అభియోగం మాత్రం పిల్లలను చేర్పించిన ఎనిమిది మంది మీదే. మన ఇళ్లలో రెంటికీ కలిపి ‘కేసు’ అనేశాం. ఒకే మాట, రెండు దారులు. చివరికి ఆ ఎనిమిది మందీ నేరం ఒప్పుకున్నారు. ఫెడరల్ కేసుల్లో నూటికి తొంభై దాకా ఇలాగే ముగుస్తాయి. పన్నెండుమంది జ్యూరీ (దోషి అవునో కాదో తేల్చేది, గ్రాండ్ జ్యూరీ కాదు) ముందు విచారణ సినిమాల్లో కనిపించినంతగా కోర్టుల్లో కనిపించదు.

జవాబు 4

మరి ‘తీర్పు’ ఎప్పుడు అనాలి? జ్యూరీ చెప్పినప్పుడా, జడ్జి శిక్ష వేసినప్పుడా?

జవాబు 3 వారే

జ్యూరీ ఏకగ్రీవంగా చెప్పేది దోషి అవునా కాదా అన్న తీర్పు. శిక్ష జడ్జి వేస్తాడు, నెలల తర్వాత. మధ్యలో ప్రొబేషన్ ఆఫీసరు నిందితుడి కుటుంబం, చదువు, పాత కేసులు అన్నీ తవ్వి రిపోర్టు రాస్తాడు. నేనైతే మొదటిదానికి ‘జ్యూరీ తీర్పు’, రెండోదానికి ‘శిక్ష ఖరారు’ అంటాను. శిక్ష పడి, అది రికార్డుకెక్కాక అప్పీలుకు 14 రోజులే గడువు. ఆ పైన సుప్రీంకోర్టు ఉంది గానీ, వినాలో వద్దో వాళ్ల ఇష్టం.

జవాబు 1 వారే

అయితే ఇది మా పాత కమిటల్‌కి చుట్టం. మేజిస్ట్రేటు కాగితాలు చూసి సెషన్స్‌కు పంపుతాడు కదా, అక్కడ ఆ పని జనం చేస్తున్నారన్నమాట. ‘ఛార్జిషీటు’ అన్న మీ సీనియర్‌కి నా తరఫున చెప్పండి, పోలీసు కాగితం కాదిది. ‘విచారణార్హ అభియోగం’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు 2 వారే

ఆ మాట విన్న రోజు ముద్దాయి నిజంగానే నేరం ఒప్పేసుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్ అండీ. ‘విచారణార్హ అభియోగం’ సింగిల్ కాలమ్‌లో పట్టదు. ఈ రాత్రి మళ్లీ అదే కేసు ఫాలోఅప్ వచ్చింది. ‘గ్రాండ్ జ్యూరీ అభియోగం’ అని పెట్టాను, సరిగ్గా రెండు లైన్లు. ‘మోపింది’కి చోటు మిగల్లేదు.