జెర్క్ చికెన్‌లో గరం మసాలా: మన రుచికి మార్చడం ఎంతవరకు సమంజసం?

సిరిపురం వాసి:
ఎంవీపీ కాలనీలో ఇటీవల తెరిచిన కరీబియన్ భోజనశాలలో జమైకా, ట్రినిడాడ్ వంటకాలను, జెర్క్ చికెన్ (మసాలా పట్టించి పొగలో కాల్చే జమైకా కోడివంట)తో సహా, విశాఖ రుచికి తగినట్లు మార్చి వడ్డిస్తున్నారు. ఇది సరైన పద్ధతేనా?

గాజువాక వాసి:
సరైనదేనని నా అభిప్రాయం. తినేవారికి నచ్చని వంట వండితే హోటల్ నాలుగు నెలలు కూడా నడవదు. నూడుల్స్‌ను మనం మన పద్ధతికి మార్చుకోలేదా? పైగా కరీబియన్ కూరల్లోని మసాలా మన దేశం నుంచి వెళ్ళినదే కదా.

లాసన్స్ బే వాసి:
గాజువాక మిత్రులు చివర చెప్పినది నిజమే కానీ, అది కూరల వరకే వర్తిస్తుంది. 1838లో గయానాకు, 1845లో జమైకా, ట్రినిడాడ్‌లకు మన దేశపు ఒప్పంద కూలీలతో ఓడలు వెళ్ళడం మొదలైంది. ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడ ఎక్కినా, మద్రాసు నుంచి కరీబియన్ దీవులకు వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. జమైకాలో వేడుకలకు వండుకునే మేకమాంసం కూర అలా వెళ్ళినవారి వంటలోంచి వచ్చినదే. మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీ భోజనశాలలో దాన్ని తిన్నాము. ఎముకతో కొట్టిన ముక్కలు, పసుపుపచ్చని పులుసు, అందులో సగం కరిగిన బంగాళాదుంప, వేళ్ళకు తగిలిన ఒక థైమ్ అనే సువాసన ఆకు రెమ్మ. రాజ్మా గింజలు వేసి కొబ్బరిపాలతో వండిన అన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక మా అమ్మగారు "ఇది మన వేట మాంసం పులుసేరా" అన్నారు. ఆ కూరలో కారం ఇంకాస్త పెంచినా నాకు అభ్యంతరం లేదు.

జెర్క్ సంగతి వేరు. అది మన కూలీలు వెళ్ళడానికి చాలా ముందే, బానిసత్వం నుంచి తప్పించుకుని జమైకా కొండల్లో తలదాచుకున్న మరూన్లు నిలబెట్టుకున్న వంట. ఆల్‌స్పైస్ అనే, మిరియాల్లాంటి మసాలా గింజలు, స్కాచ్ బానెట్ అనే ఘాటైన మిరపకాయలు, థైమ్ కలిపి నూరి మాంసానికి పట్టించి, ఆ ఆల్‌స్పైస్ చెట్టు కట్టెల పొగలోనే నిదానంగా కాల్చడం వల్ల దానికి ఆ రుచి వస్తుంది. ఆ భోజనశాలలో మా పళ్ళెంలోని జెర్క్ ముక్క విరవగానే కసూరీ మేథీ వాసన వచ్చింది, వేళ్ళకు ఎర్ర రంగు అంటింది. పెరుగు, గరం మసాలాలో నానబెట్టి తందూరులో కాల్చామని వడ్డించిన అబ్బాయి దాచకుండా చెప్పాడు. వెదురు బొంగే లేకుండా మూకుడులో వేయించిన కోడికూరను అరకు బొంగు చికెన్ అని అమ్మితే మనం ఒప్పుకుంటామా? ఆ పేరులో కొండవారి పనితనం ఉన్నట్టే, జెర్క్ అనే పేరులో మరూన్ల పనితనం ఉంది.

గాజువాక వాసి:
బొంగు చికెన్ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ చెట్టు కట్టెలు విశాఖలో ఎక్కడ దొరుకుతాయండీ?

లాసన్స్ బే వాసి:
కట్టెలు దొరకవు, నిజమే. ఆల్‌స్పైస్ మాత్రం కేరళలోనూ పండుతుంది. అది అందని రోజున లవంగం, దాల్చినచెక్క, జాజికాయ, మిరియాలు కలిపి నూరినా ఆ వాసనకు చాలా దగ్గరగా వస్తుంది. స్కాచ్ బానెట్‌కు బదులు మన ఘాటైన పచ్చిమిర్చి వేసి, బొగ్గుల మీద పొగ పట్టేలా కాల్చవచ్చు. అలా చేసినదాన్ని జెర్క్ అంటే నేను కాదనను. అదీ కుదరకపోతే మెనూలో తందూరీ చికెన్ అనే రాయమనండి, ఆ పేరుతోనే అడిగి సంతోషంగా తింటాను.