ఇంట్లో వేసిన ఉప్పు చేప పాడైపోయింది, ఎక్కడ తప్పు చేశాను?

చెన్నై మాధవరంలో ఉంటాం, సొంతూరు నెల్లూరు పక్కన. మా అమ్మమ్మ వంజరం ముక్కల్ని కళ్ళుప్పులో ఊరవేసి ఎండబెట్టేది, పప్పుచారులోకి ఒక ముక్క వేయించి పెడితే ఇంకో కూర అడిగేవాళ్ళం కాదు. ఆమె ఉన్నప్పుడు నేర్చుకోలేదు. మొన్న నవంబరులో కాసిమేడు చేపల రేవు నుంచి రెండు కిలోల వంజరం తెచ్చి, రెండు గుప్పిళ్ళ ఉప్పు, పసుపు రాసి మేడ మీద ఆరబెట్టాను. రెండో రోజే ముసురు పట్టింది. లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టాను కానీ నాలుగో రోజుకి ముల్లు దగ్గర మెత్తబడి కుళ్ళు వాసన, మొత్తం పారేశాను, చాలా బాధేసింది. ఇంకో సంగతి, కొరమీను ఎంత కడిగినా పులుసులో బురద వాసన వస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పులికాట్ పిల్ల:
అక్కా, రెండు గుప్పిళ్ళు అసలు చాలవు. నాలుగు కిలోల చేపకి కిలో కళ్ళుప్పు, అంటే మీ రెండు కిలోలకి అరకిలో. పొట్ట చీల్చి, వెన్నుముల్లు వెంబడి ఉండే నెత్తురు గోటితో గీకి తీసేయాలి, కుళ్ళు మొదలయ్యేది అక్కడే. తొట్టిలో ఒక వరస ఉప్పు, ఒక వరస చేప, పైన బరువు. రెండు రోజులకి ముక్క గట్టిపడుతుంది, అప్పుడు పైపైన కడిగి, ఈగలు వాలకుండా వల కప్పి ఎండలో వేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈ పని పెట్టుకోవద్దు, గాలిలోనే తడి. ఫిబ్రవరి, మార్చి మంచిది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో మంచి వంజరం దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది.

ఇంకో మాట, ఇది ముఖ్యం. వంజరం, కానాగంతలు లాంటివి ఐసు లేకుండా ఎండలో బండి మీద తెస్తే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది, తిన్నవాళ్ళకి మొహం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. ఉప్పు వేసినా, వేయించినా అది పోదు. మార్కెట్లోనే ఐసు పెట్టించుకోండి.

పెరంబూరు వంటిల్లు:
కొరమీను సంగతి నేను చెప్తా. ఆ బురద వాసన జియోస్మిన్ అనే పదార్థంది, నీళ్ళలోని నాచు, సూక్ష్మజీవుల వల్ల వచ్చి చేప కొవ్వులో చేరుతుంది, అందుకే ఎంత కడిగినా పోదు. పులుపు తగిలితే విరుగుతుంది, మన పెద్దవాళ్ళు చెరువు చేపకి చింతపండు దండిగా వేసింది ఊరికే కాదు. కళ్ళుప్పుతో బండ మీద రుద్ది జిగురంతా తీసేయండి, పొట్ట లోపలి నల్లపొర లాగేయండి, ముక్కల్ని పుల్లమజ్జిగలో అరగంట ఉంచి కడిగి వండండి. వాసన మరీ ఎక్కువుంటే తోలు కూడా తీసేయండి.

ఓఎంఆర్ కరీంనగర్:
మాంసానికీ ఇదే లెక్క. మా నాయన చిన్నప్పుడు ఊళ్ళో అడవి పందితో ఒట్టి తునకలు, అంటే ఎండబెట్టిన మాంసం ముక్కలు, చేసేవాళ్ళంట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువుల వేట నేరం కాబట్టి ఎవరన్నా అడవి మాంసం తెచ్చామంటే దయచేసి తీసుకోకండి. మా ఇంట్లో ఇప్పుడు మేకపోతుతో చేస్తాం. పోతు కంపు కొవ్వులోనే ఎక్కువుంటుంది, కనిపించిన తెల్లటిదంతా కోసేసి, వేలెడు మందాన పొడుగ్గా చీరి, ఉప్పు, పసుపు, కారం పట్టించి తాడు మీద వేస్తాం. ఫారం కౌజు పిట్టలకైతే లీటరు నీళ్ళలో 50 గ్రాముల ఉప్పు కలిపి రెండు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టండి, ఆ పిట్టకి కొవ్వు తక్కువ, ఊరికే వేపితే పీచులా అవుతుంది, ఇలా చేస్తే కండ నీరు పట్టుకుని మెత్తగా ఉంటుంది.

అడిగిన మనిషి:
అందరికీ చాలా థ్యాంక్స్, ముల్లు పక్క నెత్తురు నేను అసలు తీయలేదు. ఫిబ్రవరిలో ఒక్క కిలోతో మొదలుపెడతా. తొట్టిలో ఊరిన నీళ్ళు అలాగే ఉంచాలా, వంపేయాలా?

పులికాట్ పిల్ల:
వంజరానికైతే తొట్టిని కాస్త వాలుగా పెట్టి వంపేయండి అక్కా. కవ్వల్లాంటి కొవ్వు చేపలకి మాత్రం ఉంచాలి, నీళ్ళలో మునిగి ఉంటేనే గాలి తగలదు, లేకపోతే కొవ్వు కాస్తా ముక్కిపోయిన నూనె కంపు కొడుతుంది.