సెలవు రోజుల వాలంటీర్లను తవ్వకాల్లోకి దించవచ్చా?

వేళచేరి నుంచి:
చెన్నై చుట్టుపక్కల పాత దిబ్బలు, రాతి సమాధులు ప్లాట్ల కింద పోతున్నాయి. ఉన్న సిబ్బంది ఎన్నిచోట్లకని వెళ్తారు? శని, ఆదివారాలు ఖాళీగా ఉండే మాలాంటివాళ్ళ చేతికి తాపీ ఇస్తే నాలుగైనా మిగులుతాయి. వద్దనేవాళ్ళు కారణం చెప్పండి.

క్రోంపేట నుంచి:
మీ ఆరాటం నాకూ ఉందండీ. పల్లావరం మాకు పక్క స్టేషనే. 1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్తకు పాత రాతియుగపు చేతిగొడ్డలి దొరికింది అక్కడే. ఇప్పుడు ఎటు చూసినా ఇళ్ళే. అయినా తాపీ మాత్రం వద్దంటాను.

ఒక తవ్వకంలో పది రోజులు వాలంటీరుగా ఉన్నాను. మూడో రోజు మట్టిలోంచి నలుపు-ఎరుపు కుండపెంకు అంచు కనబడింది. ఆగలేక వేలితో లాగేశాను. ఎంత లోతులో ఉందో, ఎటు వాలి ఉందో కొలవనేలేదు. పక్కన పనిచేస్తున్న ఊరి పెద్దాయన, ఏళ్ళ తరబడి ఆ కూలికే వస్తున్నాయన, "మట్టి రంగు మారింది, చూసుకోలేదా?" అన్నారు. ఆయన చూపిస్తే కనబడింది, వేలెడు మందాన బూడిదరంగు పొర. పొరను బట్టే పెంకు ఏ కాలందో తెలిసేది; నా పెంకు దాని పైదో కిందిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి జల్లెడ దగ్గర కూర్చున్నాను. పెంకుల్ని మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడలో ఆరబెట్టి, ఏ గుంటవి ఆ సంచిలోనే చీటీతో సహా వెయ్యాలి. గుట్టలకొద్దీ పని, మనుషులు చాలరు. వాలంటీర్లు కావలసింది అక్కడ.

తాంబరం నుంచి:
ఉచితంగా వచ్చేవాళ్ళు దొరికితే ఆ పెద్దాయన కూలి ఏమవుతుంది? అదీ ఆలోచించండి.

వేళచేరి నుంచి:
కూలి మాట ఒప్పుకుంటాను. కానీ ఈలోగా జేసీబీ వస్తే? పొర తెలియని పెంకైనా మిగిలితే నయం కదా!

క్రోంపేట నుంచి:
కేంద్రం రక్షిత ప్రాంతంగా ప్రకటించిన చోటైతే లైసెన్సు లేకుండా మనం తవ్వడమూ నేరమే. కేంద్ర పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం దాని చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. అక్కడ పునాది తీస్తుంటే ఫొటో, సర్వే నంబరు, తేదీతో పురావస్తు శాఖకి రాయండి. రక్షణ లేని దిబ్బల విషయంలో మీ భయం నిజమే, నాకూ అదే బెంగ. అక్కడ కూడా తవ్వకుండా, పైన పడున్నవి కదపకుండా, ఉన్నచోటే ఫొటో తీసి జాబితా రాయగలం. ఈ ఆదివారం వస్తారా? కొలటేపు నేను తెస్తాను.