క్లారా షూమన్ ఓపస్ 22: కర్ణాటక వయొలిన్‌తో కుదురుతుందా?

ప్రశ్న (అమలాపురం): పాపది 61 కీల కీబోర్డు, బాబుది కర్ణాటక వయొలిన్. జర్మన్ పియానిస్టు క్లారా షూమన్ పేరున్న ఓపస్ 22 (ప్రచురణ సంఖ్య 22)లోని ఈ 3 రొమాన్సులు (వయొలిన్, పియానోలకు రాసిన చిన్న భావప్రధాన రచనలు) కలిసి వాయించగలరా? అసలివి ఆవిడ రాసినవేనా, స్వరకర్త అయిన భర్త రాబర్ట్‌వా?

కాకినాడ నుంచి: ఆవిడవేనండీ. 1853లో రాసి, వయొలినిస్టు యోఆహిమ్‌కి అంకితమిచ్చారు. శ్రుతి మాత్రం మార్చాలి: స-ప-స-ప కాదు, కింది నుంచి జి, డి, ఎ, ఇ అనే పాశ్చాత్య స్వరాలు. తీగల్ని ఒక్కసారే బిగించకండి, పై తీగ తెగుతుంది. జి మైనర్ అనే పాశ్చాత్య స్వరశ్రేణిలో ఉన్న రెండోదానితో మొదలెట్టండి. మొదటిది డి ఫ్లాట్ మేజర్, అయిదు ఫ్లాట్లు (స్వరాన్ని అరమెట్టు తగ్గించే గుర్తులు), అందుకే కష్టం. గమకాలు వద్దు. స్వరం నిలబెట్టి, వేలు కాస్త కంపిస్తే చాలు.

రాజమండ్రి నుంచి: అసలు చిక్కు కీబోర్డుతోనే. పియానోకుండే 88 కీలతో పోలిస్తే కింద 15, పైన 12 తక్కువ. ఎడమచేతి మంద్రస్వరాలు దొరకవు. నొక్కే బలాన్నిబట్టి శబ్దం మారకపోయినా, సస్టెయిన్ పెడల్ (కీ వదిలాక కూడా స్వరాన్ని నిలిపేది) లేకపోయినా మూడోదాని జోలికి పోకండి, అందులో పియానో ఎక్కడా ఆగదు.

కాకినాడ నుంచి: నిజమేనండీ. ఇంకోటి, 1856లో రాబర్ట్ పోయాక ఆవిడ రాయడం దాదాపు మానేశారుగానీ కచేరీలు మానలేదు. సంసారం వాటిమీదే నడిచింది. 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాఠాలూ చెప్పారు.